పొద్దున గంట, సాయంత్రం గంట: పసిపిల్లల ఎండాకాలం

సంపాదకులకు,

అయ్యా,

వేసవి సెలవులిచ్చిన మర్నాటి నుంచి జిల్లా పేజీల నిండా శిబిరాల ప్రకటనలే. అబాకస్, చేతిరాత, కోడింగ్, ఏసీ గదిలో డాన్సు. మంచివే, కాదనం. కానీ మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల లోపు పిలకాయల కాలికి మట్టి తగలనిచ్చే శిబిరం వాటిలో వెతికినా దొరకదు. ఇళ్లల్లో చూస్తే 'ఎండలు మండుతున్నాయి, గడప దాటొద్దు' అని తలుపులేసి చేతిలో ఫోను పెడుతున్నారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఎండ సంగతి ఇక్కడివాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే ఆ ఎండ రోజంతా ఒకే తీరుగా ఉండదు. మే నెలలో మనకు 5.45 ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది, 6.30 ప్రాంతంలో కుంకుతుంది. పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాకా, సాయంత్రం అయిదున్నర నుంచి చీకటి పడేదాకా బయట తిరగొచ్చు. ఈ రెండు పూటలూ ఎలా వాడుకోవాలో, ఎక్కడ బెడిసికొడుతుందో రాస్తున్నాం. చిన్నపిల్లల చదువుతోనూ చెట్టూచేమతోనూ రోజూ పని ఉన్నవాళ్లం కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాం, ఓపిక పట్టండి.

ముందుగా ఒక మాట. పిల్లలకు ప్రకృతి చూపించాలనగానే పెద్దవాళ్లు బండి కట్టిస్తారు. మే నెలలో నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళితే గూడబాతులు (పెలికాన్లు) ఉండవు. అవి అక్టోబరులో వచ్చి గూళ్లు కట్టి, పిల్లలు ఎగిరాక వేసవి ముదిరేలోపే వెళ్లిపోతాయి. భైరవకోనలో జలపాతం సన్నగిలి ఉంటుంది. నాలుగేళ్ల బిడ్డ రెండు గంటలు బండిలో కూర్చుని దిగేసరికి ఎండెక్కుతుంది, వాడు ఏడుపు లంకించుకుంటాడు, కోతులు తినుబండారాల సంచీ లాక్కుపోతాయి. ఈ వయసు వాళ్లకు ఇంటి నుంచి రెండు వందల అడుగుల లోపల ఒక చెట్టు, ఇంత దుమ్ము నేల, ఒక మూకుడు నీళ్లు ఉంటే నెలన్నర గడిచిపోతుంది. అదే చెట్టు దగ్గరికి రోజూ వెళ్లడంలోనే ఉంది కిటుకంతా. నిన్న లేని పిందె ఇవాళ కనబడితే పిల్లవాడు తనే అడుగుతాడు.

బయటికి తీసుకెళ్లే ముందు చూడాల్సింది గోడ గడియారాన్ని కాదు, నేలని. అరచేయి వెనకభాగం నేల మీద ఆనించి ఏడు లెక్కపెట్టండి. అంతసేపు ఉంచలేకపోతే పిల్లల పాదాలూ ఉండలేవు. కోస్తా మండలాల్లో మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగితే సాయంత్రం హాయిగా ఉంటుంది. మే నెలాఖరులో పడమటి గాలి బలంగా వీచే రోజుల్లో ఆ గాలి లోపలికి రానే రాదు. అయిదున్నరకు కూడా నేల సెగలు కక్కుతూనే ఉంటుంది. అలాంటి రోజు సాయంత్రం పూట మానుకోండి, పొద్దున పూట చాలు. వడగాలుల హెచ్చరిక ఉన్న రోజు వసారాలో జరిగే పనులే చేయించండి. ఇంకో పొరపాటు అభిప్రాయం కూడా ఉంది. కనిగిరి, పొదిలి వైపు 41 డిగ్రీలంటే భయపడతారు గానీ కావలి, కొత్తపట్నం వైపు 36 అంటే లెక్కచేయరు. తీరంలో ఉక్క వల్ల చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. 36 అయినా ఆడుతున్న బిడ్డకు అది తక్కువేం కాదు.

నీళ్ల విషయం ఇది. దాహం వేసినప్పుడు తాగుతార్లే అని వదిలేయకూడదు, ఆటలో పడితే వాళ్లకు దాహం గుర్తుండదు. ఇరవై నిమిషాలకోసారి అరగ్లాసు చొప్పున పిలిచి తాగించండి. గంట ఆటకు మంచినీళ్లు, పలచటి ఉప్పు మజ్జిగ సరిపోతాయి. ఓఆర్‌ఎస్ అవసరమయ్యేది వాంతులు, విరేచనాలు, బాగా వాడిపోవడం ఉన్నప్పుడు. అప్పుడు కూడా డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసి ఉన్న ప్యాకెట్టే కొనండి, అట్టడబ్బాల్లో దొరికే తియ్యటి పానీయాలు దాని పని చేయవు. లీటరు ప్యాకెట్టును లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసుకు కొంచెం కొంచెం అని అంచనాగా పోస్తే ఉప్పు ఎక్కువై బిడ్డకు చేటు. ప్యాకెట్టు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో తలకొట్టిన ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. కలిపినది ఒక రోజు దాటితే పారబోయండి. పశ్చిమ ప్రకాశంలో ఫ్లోరైడ్ సమస్య ఉన్న ఊళ్లున్నాయి కాబట్టి దారిలో కనబడిన బోరింగు నీళ్లు పట్టకుండా ఇంటి నుంచే సీసా తీసుకెళ్లాలి. బట్టలు లేతరంగు నూలువి, పూర్తి చేతులవి. కాళ్లకు బూట్లు. సర్కారు తుమ్మ ముల్లు హవాయి చెప్పులోంచి దూరి పాదంలో దిగుతుంది, విరిగితే ఆసుపత్రి పనే.

ఇక పనులు. అన్నిటికంటే సులువైనది, రోజూ తప్పనిది పక్షులకు నీళ్లు పెట్టడం. వెడల్పాటి మట్టి మూకుడు తీసుకోండి. లోతు రెండంగుళాలు దాటకూడదు. స్టీలు పళ్లెం కాలిపోతుంది. నున్నటి ప్లాస్టిక్ తొట్టిలో ఉడత పడిందా, గోడ పట్టు దొరక్క చస్తుంది. మూకుడులో నాలుగు గులకరాళ్లు నీటికి పైకి తేలేలా పెడితే తేనెటీగలు వాటి మీద వాలి తాగుతాయి. ఎక్కడ పెడతారన్నది ముఖ్యం. నీడ ఉండాలి. పొదకు ఆనించి పెట్టకూడదు, పిల్లి పొదలో నక్కి దూకుతుంది. రెండు బారలు ఎడంగా పెట్టండి. పొద్దున నీళ్లు పారబోసి కొబ్బరి పీచుతో తోమి కొత్త నీళ్లు పోయడం అయిదేళ్ల పిల్లల పని, వాళ్లే చేయాలి. తోమకుండా పైన పోస్తూ పోతే నాలుగో రోజుకు పాచి పడుతుంది, వారానికల్లా దోమపిల్లలు తిరుగుతుంటాయి. తిండిగింజలుగా సజ్జలు, కొర్రలు, నూకలు వేయొచ్చు. ఉప్పేసిన అన్నం, చిప్స్ వద్దు.

నెల్లూరు డెల్టాలో వరి కోతలు మార్చి, ఏప్రిల్లో ఉంటాయి కాబట్టి పిచ్చుకలకు వరి కుచ్చు కట్టడానికి ఇదే అదను. పెద్దవాళ్లు అల్లే జడ కుచ్చు చిన్న చేతులకు పట్టుబడదు. అడుగు పొడవు కాడతో పాతిక ముప్పై కంకులు జత చేసి, పురికొసతో రెండు చోట్ల బిగించి, తలకిందులుగా చూరుకు వేలాడదీస్తే చాలు. గడ్డి ఎండిపోయి ఉంటే కాడలు విరుగుతాయి, గింజ రాలుతుంది. ముందురోజు రాత్రి తడి గోనెలో చుట్టి ఉంచితే మెత్తబడతాయి. కంకులు ఇచ్చే రైతును కోతకు ముందు మందు ఎప్పుడు కొట్టారో అడగండి. ఈ మధ్యే కొట్టి ఉంటే ఆ కంకులు పక్షులకూ వద్దు, పిల్లల చేతికీ వద్దు.

వసారా అంచున, చూరు కింద, గుడి అరుగు పక్కన వాన తగలని మెత్తటి దుమ్ములో గరాటు ఆకారంలో చిన్న చిన్న గుంటలు కనబడతాయి. చీమల్ని తినే పురుగు చేసుకున్నవి అవి. ఒక్కో ఊళ్లో దానికి ఒక్కో పేరు. దాన్ని చూపించడానికి ఖర్చు లేదు, ప్రయాణం లేదు, మధ్యాహ్నం వసారా నీడలో కూడా కుదురుతుంది. పిల్లల్ని గుంట చుట్టూ మోకాళ్ల మీద కూర్చోబెట్టండి, నీడ గుంట మీద పడకుండా. చీపురుపుల్ల కొనతో గుంట అంచు నుంచి ఒక్క ఇసుక రేణువు కిందికి రాల్చండి. అడుగున దుమ్ము కదులుతుంది. ఇంకోటి రాల్చండి. కొడవళ్లలాంటి రెండు కోరలు మెరిసి, తలతో దుమ్మును పైకి విసురుతుంది. నిజంగా చీమ జారిందనుకోండి, అది ఎక్కబోతున్న గోడే కిందికి కూలుతుంది, ఎందుకంటే పొడి దుమ్ము ఎంత వాలున నిలుస్తుందో సరిగ్గా అంత వాలు మీదే ఆ గుంట ఉంటుంది. తడి నేలలో ఇది కట్టదు. ఎందుకో పిల్లల్నే అడగండి. గుంటను వేలితో చదును చేసి వదిలి, సాయంత్రం మళ్లీ వచ్చి చూడండి. పురుగు వెనక్కి వెనక్కి చుట్టు తిరుగుతూ గీసిన గీతలు కనబడతాయి, అది ముందుకు నడవదు. ఒక్కదాన్ని అరచేతిలోకి తీసి చూపించినా ఏమీ కాదు, తిరిగి అదే దుమ్ములో వదలాలి. సీసాలో వేసి ఇంటికి తీసుకుపోతే ఆకలితో చస్తుంది. పెద్దయ్యాక ఇది తూనీగలాంటి రెక్కల పురుగు అవుతుందంటే అయిదేళ్ల వాళ్లు ఒక పట్టాన నమ్మరు.

ముంజలు తిన్నాక బుర్రలు పెంటకుప్ప మీద వేసే బదులు బండి చేయించండి. ఒకే సైజు బుర్రలు రెండు, మధ్యలో ఇరుసుకు అడుగున్నర పుల్ల, తోయడానికి నాలుగడుగుల పంగల కర్ర. ఇరుసు పచ్చి కర్రదైతే వంగిపోతుంది, ఎండిన తుమ్మ పుల్ల గట్టిది. దాని రెండు కొనలూ చెక్కి బుర్రల నడిమధ్యకు దిగగొట్టాలి. కత్తి పని పెద్దవాళ్లది, పిల్లలకు ఇవ్వకండి. ఇరుసు బుర్రలో బిగుతుగా ఉండాలి, పంగ మాత్రం ఇరుసు మీద వదులుగా ఆనాలి. ఇది తారుమారైతే బండి కదలదు. ఇరుసు వదులైతే చక్రం ఊడుతుంది, నడిమధ్యకు దిగకపోతే బండి కుంటుతుంది. కుంటే బండితో కాసేపు ఆడనిచ్చి ఎందుకు కుంటుతోందో వాళ్లే కనిపెట్టేదాకా ఆగండి. రెండు మూడు రోజులకు బుర్ర ఎండి ముడుచుకుని ఈగలు ముసురుతాయి, అప్పుడు మార్చేయాలి.

చెట్టు బెరడు అచ్చు తీయడం మూడేళ్ల పిల్లలకూ చేతనవుతుంది. పగుళ్లు లోతుగా ఉండే వేప, చింత దీనికి మేలు. కానుగ నునుపు, దాని మీద ఏమీ పడదు. కాగితాన్ని పురికొసతో మానుకు కట్టాలి, లేకపోతే జారి గీతలు అలుక్కుపోతాయి. మైనపు క్రేయానుకు చుట్టిన కాగితం ఊడదీసి అడ్డంగా పట్టి రుద్దాలి, మొన పెట్టి గీస్తే చిరుగుతుంది. చేయి ఆనించే ముందు చీమల బారు, గొంగళి పురుగులు ఉన్నాయేమో చూడండి. తొలకరి తర్వాత మునగ చెట్టు జోలికి అసలే పోవద్దు, మాను మీద గుంపులుగా ఉండే గొంగళ్ల నూగు తగిలితే రాత్రంతా దురదే.

మట్టి పని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, దీని చుట్టూ హడావిడి ఎక్కువైంది కాబట్టి. ఎండిన చెరువులో పెచ్చులు లేచిన బంకమన్ను మేలు. పైన తెల్లగా ఉప్పు పొర కట్టిన చౌడు మన్ను తేవద్దు. పొడి చేసి జల్లించి, నాలుగు పాళ్ల మన్నుకు ఒక పాలు సన్న ఇసుక కలిపి తడపండి. ఇసుక కలపకపోతే ఆరేటప్పుడు బీటలు వారుతుంది. పిల్లలు ఎద్దు చేస్తే ఒంగోలు ఎద్దే చేస్తారు, మూపురం అతికించాలి కదా. అతికే చోట రెండు వైపులా పుల్లతో గీకి, పలచటి బురద పూసి నొక్కాలి. ఊరికే అంటిస్తే ఆరగానే మూపురం ఊడి చేతికొస్తుంది. రెండు రోజులు నీడలోనే ఆరాలి.

విత్తన బంతుల సంగతికి వస్తే, జూన్‌లో బడులు తెరవగానే పిల్లల చేత చేయించి గట్ల మీదికి విసిరించి ఫొటోలు దిగుతున్నారు. ఉత్తరాది జిల్లాల కేలెండరు అది. నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాల వల్ల అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య పడుతుంది. ప్రకాశంలో నైరుతి, ఈశాన్యం దాదాపు సమానం. జూన్‌లో ఒక్క జల్లు పడి బంతి తడిసి మొలక వచ్చాక మూడు వారాలు ఎండ కాస్తే ఆ మొలక మాడిపోతుంది. వేసవిలో బంతులు చేయించండి, దాచండి, అక్టోబరులో వచ్చే చిత్త, స్వాతి కార్తెల్లో విసరండి. చేసే తీరు: జల్లించిన బంకమన్ను అయిదు పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు రెండు పాళ్లు, చపాతీ పిండికన్నా గట్టిగా. నిమ్మకాయకన్నా చిన్న ఉండ, నడుమ ఒకటి రెండు విత్తనాలు. నీళ్లు ఎక్కువైతే లోపలే మొలక వచ్చి ఎండి చస్తుంది. ఆరాక నడుం ఎత్తు నుంచి వదిలితే పగలకూడదు. రేల గింజకు పైపొర గట్టిది, అలాగే పెడితే ఏడాదైనా మొలవదు. ఒక పక్క గరుకు గచ్చు మీద లేత రంగు కనబడేదాకా రుద్దించండి, పిల్లలకు ఇది భలే ఇష్టం. వేపగింజకు మాత్రం బంతి పనికిరాదు. జూన్, జూలైల్లో రాలిన గింజకు రెండు మూడు వారాలకే మొలిచే శక్తి బాగా తగ్గుతుంది, అక్టోబరు దాకా ఆగదు. గుజ్జు కడిగి రెండు రోజుల్లోపు కొబ్బరి చిప్పలోనో పాల ప్యాకెట్లోనో పెట్టి, నీళ్లు పోసి పెంచి, వానల్లో నాటాలి.

నీడతో చేసే పని ఏడాదికి రెండుసార్లే కుదురుతుంది. సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చే రోజు నెల్లూరులో ఏప్రిల్ 29 ప్రాంతంలో, ఒంగోలులో మే 3 ప్రాంతంలో వస్తుంది, మళ్లీ ఆగస్టులో. మధ్యాహ్నం 12.07 చుట్టూ మిద్దె మీద నిలువుగా ఒక గ్లాసు బోర్లిస్తే దాని నీడ చుట్టూ ఎక్కడా కనబడదు. అయిదు నిమిషాల పని, టోపీతో వెళ్లి చూసి దిగిపోవాలి. అంతకు ముందు వారం రోజులు అదే వేళకు నీడ కొనను సుద్దముక్కతో గుర్తుపెట్టిస్తే పిల్లలకు అది రోజూ కొంచెం కొంచెం పొట్టిదవుతున్నట్టు తెలుస్తుంది. మబ్బు పడితే మర్నాడు చూడండి, తేడా కంటికి ఆనదు.

సముద్రం దగ్గరున్నవాళ్లు మైపాడు, కొత్తపట్నం, పాకల తీరాలకు పొద్దున ఆరింటికల్లా చేరాలి. ఎనిమిది దాటితే ఇసుక కాలుతుంది. తడి ఇసుక మీద ఆవగింజల్లా ఉండలు చుట్టూ పేర్చి ఉన్న సన్నటి రంధ్రాలు కొన్ని, పైన పొడి ఇసుకలో చెయ్యి పట్టేంత రంధ్రాలు కొన్ని కనబడతాయి. రెండూ పీతలవే, జాతులు వేరు. పెద్ద రంధ్రానికి అయిదారు బారల దూరంలో కదలకుండా కూర్చుని మనసులో వంద లెక్కపెట్టమనండి. ఎర్రపీత ముందు కళ్లు పైకెత్తి చూసి, తర్వాత ఇసుక మోసుకొచ్చి పారబోస్తుంది. ఒక్కడు చెయ్యెత్తినా మాయం. తవ్వి పట్టుకోవాలని చూడకూడదు. పిల్లలు ఇసుకలో తవ్వే గుంట వాళ్ల మోకాలి లోతు దాటనివ్వొద్దు, సొరంగాలు అసలు వద్దు. ఇసుక గోడ కూలితే చప్పుడు కూడా కాదు. గవ్వలు ఏరేటప్పుడు ప్రతి గవ్వనూ అరచేతిలో నిమిషం ఉంచి లోపల కదలిక ఉందేమో చూడమనండి, కదిలితే అది ఎవరి ఇల్లో. గాలికి దొర్లే ముళ్ల బంతుల వెంట, రావణాసురుడి మీసాలంటారే, వాటి వెంట పరుగెత్తడం మంచి ఆటే, చేత్తో గట్టిగా పట్టుకుంటే మాత్రం గుచ్చుకుంటాయి. ఒడ్డున పడి ఉన్న జెల్లీ చేప చచ్చినదైనా కుడుతుంది. కుడితే సముద్రపు నీళ్లతోనే కడిగి, అంటుకున్న దారాలు పుల్లతో తీసి, డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మంచినీళ్లు పోస్తే మంట ఎక్కువవుతుంది. మన తీరంలో తాబేళ్లు ఏడాది మొదటి నెలల్లో గుడ్లు పెడతాయి, ఒక్కో గుంటలో వంద దాకా. ఏడెనిమిది వారాలకు పిల్లలు వస్తాయి. అటవీశాఖ కంచె వేసిన చోట బయటి నుంచే చూడండి. పిల్ల తాబేలు సముద్రం వైపు పాకుతుంటే ఎత్తుకుపోయి నీళ్లలో వేయడం, ఫోను లైటు వేయడం రెండూ చెరుపే, లైటుకు అది దారి తప్పుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువ, నీళ్లు ఇంకా పైకి వస్తాయి. ఈ వయసు పిల్లలకు చీలమండ దాటి నీళ్లు వద్దు, చెయ్యి పట్టుకునే ఉండాలి.

నీళ్ల దగ్గర జాగ్రత్త గురించి ఎంత చెప్పినా తక్కువే. వేసవి సెలవుల్లో పిల్లలు పోయేది ఎక్కువగా నీళ్లలోనే. పెన్నలో ఇసుక తవ్విన గుంటలు పైకి మోకాలి లోతు కనబడతాయి, ఒక్క అడుగు వేస్తే మనిషి లోతు. పంట కుంటలు నిలువుగా తవ్వి ఉంటాయి. రొయ్యల చెరువు గట్టున ప్లాస్టిక్ పట్టా మీద కాలు జారితే పెద్దవాడు కూడా పైకి పాకలేడు, పైగా నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లకు వెళ్లే కరెంటు తీగలు ఎక్కడ తెగి ఉన్నాయో తెలియదు. ఇలాంటి చోట్లకు చిన్నపిల్లల్ని తీసుకుపోవద్దు. మునిగే బిడ్డ కేక వేయడు, నిమిషం లోపు కిందికి పోతాడు. నీళ్లు ఉన్నచోట ఒక్కో బిడ్డకు ఒక పెద్ద మనిషి, చేతికందే దూరంలో, ఫోను జేబులో ఉండగా. నేల మీద ఆటలకు నలుగురు పిల్లలకు ఒకరు చాలు.

పొద్దున్నే వీధి కుక్కలు గుంపుగా తిరుగుతాయి, పెద్దవాళ్లు కర్ర పట్టుకునే బయలుదేరండి. కరిస్తే, గోరు గీరుకున్నా సరే, పదిహేను నిమిషాలు పారే నీళ్లలో సబ్బుతో కడిగి, ఆ రోజే టీకా వేయించాలి. పసరు, కారం పూయడం పనికిరాదు. రాళ్లు ఎత్తి చూసే సరదా చిన్నపిల్లలకు వద్దు. పెద్దవాళ్లు చూపించదలిస్తే కర్రతో అవతలి అంచు పైకి లేచేలా తమవైపుకు వంచి ఎత్తాలి, అప్పుడు కింద ఉన్నది అవతలి వైపుకు పోతుంది. ఎర్ర తేలు కుట్టిన బిడ్డకు చెమటలు, వాంతులు, చేతులు చల్లబడడం కనబడితే ఆలస్యం చేయొద్దు, గుండెకు ప్రమాదం. పాము కాటుకు కట్టు కట్టడం, కోయడం వద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయాలి.

చెట్లలో నోట పెట్టకూడనివి మన వీధుల్లోనే ఉన్నాయి. పచ్చగన్నేరు కాయ, గన్నేరు ఆకు గుండె మీద పనిచేస్తాయి. కంచెగా వేసిన నేపాళం కాయలు జీడిపప్పులా ఉంటాయని పిల్లలు పగలగొట్టి తింటారు, గంటలోపు వాంతులు మొదలు. ఉమ్మెత్త, ఆముదం గింజలు, కొరికిన గురివింద గింజ కూడా ఇదే కోవ. జిల్లేడు దూది గాలికి ఎగరేయడం బాగుంటుంది, పాలు కంట్లో పడితే పావుగంట మంచినీళ్లతో కడిగి కంటి డాక్టరుకు చూపించాలి. తింటే వాంతి చేయించకుండా, తిన్న కాయో ఆకో చేత పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి. మూడేళ్ల లోపు వాళ్లకు చింతపిక్కలు కూడా ఆటకు ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడతాయి. సీమచింతకాయ పెట్టేటప్పుడు నల్ల గింజ తీసేయండి.

బిడ్డ ఒళ్లు కాలుతూ, మాట తడబడుతూ, మత్తుగా ఉంటే అది అలసట కాదు, వడదెబ్బ. నీడలోకి తెచ్చి, బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ విసరండి, 108 పిలవండి. మత్తులో ఉన్న బిడ్డ నోట్లో నీళ్లు పోయకూడదు.

పురపాలక, పంచాయతీ అధికారులకు కొన్ని కోరికలు. పార్కు గేట్లు పొద్దున 5.30కే తీయించండి, ఎండెక్కాక తీస్తే పిల్లలకు లాభం లేదు. తాగునీటి కొళాయి ఒక్కటైనా పనిచేయాలి. ఊడ్చిన ఆకులు అక్కడే తగలబెట్టడం మాన్పించండి. పార్కులో ఏ రెండు చెట్ల కిందనైనా రాలిన ఆకులు ఊడ్చకుండా వదిలేస్తే పురుగూ పుట్రా చూడడానికి పిల్లలకు అదే చాలు. ఆకులు తగలబెట్టిన పొగ పీల్చడం ఎటూ ఉబ్బసం ఉన్న బిడ్డలకు చేటే. ఇసుక గుంట కట్టిస్తే ఆరడుగుల చదరం, అడుగు లోతు చాలు, రాత్రి పట్టా కప్పాలి. కప్పకపోతే పిల్లులు, కుక్కలు అక్కడే దొడ్డికి పోతాయి, వాటి నులిపురుగులు ఉత్తికాళ్ల పిల్లలకు పట్టుకుంటాయి. ప్రభుత్వ బడుల్లో వేప, చింత నీడ ఉన్న మైదానాలు సెలవుల్లో తాళం వేసి ఉంటున్నాయి. ఆరు నుంచి ఎనిమిది దాకా తెరిచి ఉంచడానికి ఆ ఊరి తల్లిదండ్రుల్లో ఒకరికి తాళంచెవి అప్పగిస్తే ఖర్చేమీ ఉండదు.

మీ పత్రికకూ ఒక మనవి. ఏప్రిల్ 20 నుంచి జూన్ 12 దాకా జిల్లా పేజీలో ఒక చిన్న గడి కేటాయించండి. మర్నాటి సూర్యోదయ సమయం, మండలాల వారీగా అంచనా ఉష్ణోగ్రత, మైపాడు, కొత్తపట్నం తీరాల్లో పోటు వేళ. బంగారం ధర పక్కన ఎంత జాగా పడుతుందో అంత చాలు.

ఇట్లు,
బాల్యవిద్య, వృక్షశాస్త్ర ఉపాధ్యాయులు కొందరు,
కావలి